ఆ చీటీ మీద అడ్డగీత: డెల్టా ప్రసూతి వైద్యులకు ఒక మందుల షాపు నుంచి బహిరంగ లేఖ

ఉభయ గోదావరి, కోనసీమ, ఏలూరు జిల్లాల్లో పురుళ్ళు పోసే డాక్టర్లకు,

నమస్కారం.

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక పెద్దాయన మా షాపుకు వచ్చి, కౌంటరు మీద కుంగుబాటుకు (డిప్రెషన్‌కు) వాడే సెర్ట్రలిన్ మాత్రల స్ట్రిప్పు ఒకటి పెట్టారు. పది మాత్రల్లో ఒక్కటే వాడారు. "మిగతావి వెనక్కి తీసుకుంటారా అమ్మా?" అని అడిగారు. కూతురికి అయిదో నెల. ముందురోజు స్కానింగుకు వెళితే డాక్టరు గారు పాత చీటీ చూసి, ఆ మాత్ర పేరు మీద అడ్డంగా గీత కొట్టి, "ఇది మింగితే పుట్టేవాడికి బుర్ర ఎదగదు, ఇవాళే మానెయ్యి" అన్నారట. చీటీ నాకు చూపించారు. ఎంత గట్టిగా గీశారంటే కాగితం వెనకవైపు కూడా గీత తేలింది. పక్కన మరో అక్షరం లేదు. ఎందుకు ఆపారు, ఎలా ఆపాలి, ఆపాక ఏదైనా అయితే ఎవరిని అడగాలి, ఏమీ లేదు.

నేను రాస్తున్నది ఆ గీత గురించి.

నేను డాక్టరును కాను. బి.ఫార్మసీ చదివి, నరసాపురంలో వశిష్ఠ గోదావరి గట్టుకు దగ్గరగా పద్దెనిమిదేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. ఇటు మొగల్తూరు నుంచి, అటు పంటు మీద గోదారి దాటి సఖినేటిపల్లి, అంతర్వేది నుంచి వచ్చేవాళ్ళు మా గుమ్మం ఎక్కుతారు. మీ చేతిరాత చదవడమే నా బతుకుతెరువు కాబట్టి మీ గురించి మీరు అనుకునే దానికన్నా నాకు కాస్త ఎక్కువే తెలుసు. ఎవరు ఓపిగ్గా వివరం రాస్తారో తెలుసు. కడుపుతో ఉన్న మనిషి అంటే ఐరన్, కాల్షియం తప్ప మరో మందు పేరు ఎత్తడానికే ఎవరు జంకుతారో కూడా తెలుసు. ఆ జంకు చెడ్డదని నేను అనను. కానీ ఈ ఒక్క విషయంలో అది తప్పు చోట పనిచేస్తోంది.

ఆ అమ్మాయి సంగతి ముందు చెబుతాను. పేరు, ఊరు రాయను, కొన్ని వివరాలు మార్చాను. రాయమన్నది మాత్రం తనే. ఇంట్లో కూర్చుని లేసు అల్లుతుంది. ఇంటర్ అయ్యాక ఒకసారి, పెళ్ళయిన ఏడాదికి మరోసారి బాగా కుంగిపోయింది. రెండోసారి మూడు వారాలు మంచం దిగలేదు. మానసిక వైద్యుడు రోజుకు 50 మిల్లీగ్రాముల సెర్ట్రలిన్ రాశారు. రెండేళ్ళుగా నిలకడగా ఉంది. భర్త కువైట్‌లో ఉన్నాడు. మాత్ర సంగతి అత్తవారింట్లో తెలియదు. నెలనెలా వాళ్ళమ్మ మా షాపులో కొని, "స్ట్రిప్పు మీద పేరు కనబడకుండా మాత్రలు విడదీసి ఇవ్వండమ్మా" అని అడిగి, ఖాళీ విటమిన్ డబ్బాలో పోసి పంపుతుంది. అలా ఇవ్వకూడదని నాకు తెలుసు. ఇచ్చాను.

మాత్ర మానేసిన మూడో రోజు నుంచి తల పక్కకు తిప్పితే ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండేదట. కళ్ళు తిరగడం, వాంతులు. వేవిళ్ళు మళ్ళీ మొదలయ్యాయని అత్తగారు పాపం నిమ్మరసం కలిపి ఇచ్చారు. రెండో వారానికి అవి సర్దుకున్నాయి. మూడో వారానికి పాత జబ్బు తిరిగొచ్చింది. తిండి లేదు, నిద్ర లేదు, లేసు సూది ముట్టలేదు. పుట్టింటికి వచ్చినప్పుడు షాపు మెట్ల మీద కూర్చుని నాతో అన్న మాట ఇది: "కడుపులో బిడ్డ కదులుతుంటే అందరూ సంబరపడతారు కదండీ, నాకేమీ అనిపించడం లేదండి." అప్పుడు ఆమె చేతే ఆ మానసిక వైద్యుడికి ఫోను చేయించాను. ఆయన తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు లేచి తిరుగుతోంది.

నాకు ఇంత పట్టింపు ఎందుకో దాచను. నేనూ ఆ మాత్ర వాడినదాన్నే. 2013లో మొదటి కాన్పు అప్పుడు నాకూ ఒక గీత పడింది. ఫార్మసీ పట్టా ఉన్న మనిషిని, నోరు మూసుకుని "అలాగేనండి" అన్నాను. ఏడో నెలలో ఏమయ్యానో ఇక్కడ రాయను, మా అమ్మకు ఇప్పటికీ ఆ నెల తలుచుకుంటే చెయ్యి వణుకుతుంది. 2018లో రెండో కాన్పుకు మందు ఆపలేదు. పుట్టినవాడు మొదటి మూడు రోజులు ఉలిక్కిపడుతూ, పాలు సరిగ్గా పట్టుకోక నన్ను భయపెట్టాడు. నాలుగో రోజుకు మామూలయ్యాడు. ఇప్పుడు బడిలో టీచరు చేత రోజూ చీవాట్లు తింటున్నాడు, అక్కకన్నా చురుకైనవాడు. అయితే డాక్టర్లూ, వాడు బాగున్నాడు కాబట్టి మందు మంచిదని నేను వాదించబోవడం లేదు. ఒక పిల్లవాడితో ఏదీ రుజువు కాదు. "మా పక్కింటి ఆవిడ వాడితే బిడ్డ తేడాగా పుట్టాడు" అనేవాళ్ళకూ నేను అదే చెబుతాను.

మీ భయానికి చరిత్ర ఉంది. థాలిడోమైడ్‌ను 1961లో మార్కెట్ నుంచి ఎత్తేసేసరికే వేలమంది బిడ్డలు కాళ్ళూ చేతులూ సరిగ్గా లేకుండా పుట్టారు. ఆ తర్వాత చదువుకున్న ఏ డాక్టరూ గర్భిణికి మందు రాసేటప్పుడు చెయ్యి తేలిగ్గా కదిలించలేరు, కదిలించకూడదు కూడా. పైగా ఈ మందులు మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళతాయన్నది నిజం. ఇవి పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద, అది పెద్దవాళ్ళలో మనసుకు సంబంధించినది మాత్రమే కాదు. పిండంలో మెదడు కణాలు ఎక్కడికి వెళ్ళాలో, ఎలా అల్లుకోవాలో చెప్పే సంకేతాల్లో కూడా అదొకటి. దాని లెక్క మార్చితే ఏమవుతుందో అని అడగడం సరైన ప్రశ్నే.

2004లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు ఎలుక పిల్లలకు పుట్టిన నాలుగో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా ఇదే జాతి మందు ఫ్లూఆక్సెటిన్ ఇచ్చారు. ఎలుకకు ఆ రోజులు మెదడు ఎదుగుదలలో మన చివరి నెలల గర్భానికి దగ్గరగా ఉంటాయి. మందు ఎప్పుడో ఆపేసినా, అవి పెద్దయ్యాక కొత్త చోట తిరగడానికి, తిండి ముట్టడానికి వెనకాడాయి. అంటే దిగులు తగ్గించే మందు చిన్నప్పుడు పడితే పెద్దయ్యాక బెరుకు పెంచింది. విచిత్రమైన ఫలితం, కొట్టిపారేయాల్సింది కాదు. కాకపోతే ఆ ఎలుకల తల్లులకు డిప్రెషన్ లేదు. ఈ చిన్న ముక్క గుర్తుపెట్టుకోండి, మొత్తం వివాదం దీని చుట్టూనే తిరుగుతుంది.

తర్వాత మనుషుల లెక్కలు వచ్చాయి. 2011లో ఉత్తర కాలిఫోర్నియాలో 298 మంది ఆటిజం పిల్లల రికార్డులు చూస్తే, కాన్పుకు ముందు ఏడాదిలో తల్లి ఈ మందులు వాడిన సందర్భాలు సుమారు రెట్టింపు కనిపించాయి. 2015 డిసెంబరులో కెనడాలోని క్విబెక్ నుంచి మరో లెక్క వచ్చింది. నాలుగో నెల నుంచి వాడితే ఆటిజం ప్రమాదం 87 శాతం ఎక్కువ అని. పత్రికలన్నీ ఆ 87ను పట్టుకున్నాయి. మీలో చాలామంది బుర్రలో ఇప్పటికీ ఉన్నది ఆ అంకేనని నా అనుమానం. 87 శాతం అంటే నూటికి 87 మంది బిడ్డలని అనుకున్న గర్భిణులను నేను నా కౌంటరు దగ్గర చూశాను. అసలు అంకెలు ఇవి: ఆ అధ్యయనంలో 1,45,456 మంది పిల్లలుంటే 1,054 మందికి ఆటిజం తేలింది. వెయ్యికి ఏడుగురు. దాని మీద 87 శాతం వేస్తే వెయ్యికి పదమూడు మంది. అంటే ఆ లెక్కను తుచ తప్పకుండా నమ్మినా, మందు వాడిన వెయ్యిమంది తల్లుల్లో 987 మంది బిడ్డలకు ఆటిజం లేదు. ఈ మాట ఆ పెద్దాయనకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆయన స్ట్రిప్పు వెనక్కి తెచ్చేవారు కాదేమో.

మరి ఆ ఆరుగురు ఎక్కడి నుంచి వచ్చారు? మన డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. లంక నేలలో పండిన పంటను మెరక చేలో పంటతో పోల్చి, తేడా కనిపించగానే "ఇదంతా ఆ ఎరువు వల్లే" అనే రైతును ఎక్కడైనా చూశారా? ముందు నేల చూస్తాడు, నీరు చూస్తాడు, కాలువ శివారా మొదలా అని చూస్తాడు. ఎరువు తేడా తెలియాలంటే ఒకే కాలువ కింద ఒకే రైతు చేసిన రెండు మడులు పోల్చాలి. మందు వాడే తల్లి, వాడని తల్లి ఒకే నేల కాదు. వాడే తల్లికి జబ్బు ఉంది. ఆ జబ్బు వంశంలో రావచ్చు. జబ్బుతో పాటు నిద్రలేమి, తిండి తగ్గడం, ఇంట్లో గొడవలు, ఒంటరితనం రావచ్చు. వాటి ప్రభావమంతా మందు ఖాతాలో పడుతుంది.

అందుకే ఒకే తల్లి బిడ్డలను పోల్చారు. ఒక కాన్పులో మందు వాడి, మరో కాన్పులో వాడని తల్లుల పిల్లలను. 2017లో ఒకే పత్రికలో, ఒకే సంచికలో ఇలాంటి రెండు అధ్యయనాలు వచ్చాయి. స్వీడన్‌లో 15.8 లక్షల మంది పిల్లలు, కెనడా అంటారియోలో 35,906 మంది. రెండింటిలోనూ పైపై లెక్కలో ఆటిజం ఎక్కువగానే కనిపించింది. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను పక్కపక్కన పెట్టగానే ఆ తేడా నిలవలేదు. స్వీడన్ లెక్కలో ఒక్కచోట కుదురుగా ఉండలేని, దృష్టి నిలవని పిల్లల విషయంలోనూ అంతే. నెలలు నిండకుండా పుట్టడం మాత్రం కాస్త ఎక్కువగా మిగిలింది. 2022లో అమెరికాలో రెండు రకాల బీమా రికార్డుల్లో కలిపి 30 లక్షలకు పైగా గర్భాలను చూశారు. మొదటి లెక్కలో మందు వాడినవారి పిల్లల్లో ఎదుగుదల సమస్యలు రెట్టింపు వరకు ఉన్నాయి. తల్లి జబ్బునూ ఇతర కారణాలనూ లెక్కలోకి తీసుకుంటే అది దాదాపు మాయమైంది.

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన అంకెలు డెన్మార్క్‌వి, 2017లో వచ్చినవి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఏదో ఒక మానసిక సమస్య నమోదైనవారు, తల్లి ఈ మందులు గర్భానికి ముందు రెండేళ్ళలో గానీ గర్భంలో గానీ వాడని ఇళ్ళలో నూటికి 8. గర్భంలో కొనసాగించిన ఇళ్ళలో 13.6. చూశారా, చెప్పాం కదా అంటారు. ఆగండి. గర్భానికి ముందే మందు ఆపేసిన తల్లుల పిల్లల్లో కూడా 11.5. మాయ దాటి ఒక్క చుక్క మందు వెళ్ళని బిడ్డలకు అది ఎక్కడి నుంచి వచ్చింది? మిగిలిన రెండు చిల్లరలో మందు వాటా ఎంత, ఆపలేనంత గట్టి జబ్బు వాటా ఎంత అన్నదే అసలు చర్చ. ఫిన్లండ్‌లో 2016లో వచ్చిన అధ్యయనం మందు తగిలిన పిల్లలు కౌమారంలోకి వచ్చాక వాళ్ళలో డిప్రెషన్ ఎక్కువ అంది. నార్వేలో చివరి నెలల్లో వాడిన తల్లుల పిల్లలకు అయిదేళ్ళ వయసులో కాస్త బెరుకు, దిగులు ఎక్కువ అన్నారు. ఎలుకల సంగతి గుర్తొస్తుంది. ఇవి నేను దాచను, మీరూ దాచవద్దు. కానీ ఇవి "చూస్తూ ఉండండి, బిడ్డను గమనించండి" అనడానికి సరిపోతాయి. "ఇవాళే మానెయ్యి" అనడానికి సరిపోవు.

2025 జూలైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద నిపుణుల చర్చ ఒకటి జరిపింది. మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది ప్రమాదాలనే ఎత్తిచూపారు. చర్చ ఒకవైపే మొగ్గిందని అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం వెంటనే అభ్యంతరం చెప్పింది. మన దాకా వచ్చేసరికి వాట్సాప్‌లో మొదటి సగమే వచ్చింది. ఎప్పుడూ అంతే.

మందు వల్ల నిజంగా ఉన్న ఇబ్బందులు వేరే ఉన్నాయి, అవి పుట్టిన రోజుల్లోవి. చివరి నెలల్లో వాడితే పది మందిలో సుమారు ముగ్గురు పసికందులకు వణుకు, చిరాకు, పాలు పట్టకపోవడం, ఊపిరి వేగం కనిపించవచ్చు. ఎక్కువమందిలో కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో పోతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే అరుదైన సమస్య, అమెరికాలో దాదాపు 38 లక్షల గర్భాల లెక్క ప్రకారం, మందు వాడనివారిలో పదివేలకు 21 ఉంటే వాడినవారిలో 31 దాటుతుంది. ఇది చిన్నది, నిజమైనది. ఇదే జాతి పారాక్సెటిన్ మీద బిడ్డ గుండె లోపాల హెచ్చరిక 2005 నుంచి ఉంది, కొత్తగా మొదలుపెట్టేవారికి అది మొదటి ఎంపిక కాకపోవడమే మంచిది. సెర్ట్రలిన్ తల్లిపాలలోకి చాలా తక్కువ వెళుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ గీత మందు కాదు. పురుడు పోసే చోట పిల్లల డాక్టరుకు ముందే చెప్పడం, బిడ్డను రెండు మూడు రోజులు కనిపెట్టి ఉండటం మందు. నా కొడుకు విషయంలో ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ మూడు రాత్రులు నేను అన్ని మొక్కులు మొక్కేదాన్ని కాదు. ఇంకా రెండు బాకీ ఉన్నాయి.

ఇక ఆపడం వల్ల ఏమవుతుందో. 2006లో అమెరికాలో 201 మంది గర్భిణులను గమనించారు. అందరూ డిప్రెషన్ ఉండి, మందుతో బాగున్నవాళ్ళు. మందు కొనసాగించినవాళ్ళలో నూటికి 26 మందికి జబ్బు తిరగబెట్టింది. ఆపినవాళ్ళలో 68 మందికి. గర్భం మనసుకు కవచం అన్న పాత నమ్మకం అక్కడితో చెదిరింది. జబ్బు తిరగబెట్టిన తల్లి తినదు, నిద్రపోదు, నెలవారీ చెకప్పుకు రాదు. బిడ్డ బరువు మీద, నెలలు నిండటం మీద ఆ ప్రభావం పడుతుంది. మన దేశంలో బాలింతల్లో డిప్రెషన్ నూటికి 22 మందికి ఉందని 38 అధ్యయనాలను కూడి 2017లో తేల్చారు. బ్రిటన్‌లో కాన్పు తర్వాత ఏడాదిలోపు తల్లుల మరణాలను ఒక్కొక్కటిగా విచారించే పద్ధతి ఉంది. ఆ లెక్కల్లో ఆత్మహత్య పైవరసలో ఉంటుంది. మన దగ్గర అలాంటి చావు కాలువలో దొరికితే "కడుపునొప్పి భరించలేక" అని రాసుకుంటారు.

ఒక పక్క మాట. గీత నిజంగా పడాల్సిన చీటీలు నేను వేరే చూస్తున్నాను. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి, ఇంకా పిల్లలు కనాల్సిన మనిషికి, సోడియం వాల్‌ప్రోయేట్ ఏళ్ళ తరబడి నడుస్తుంది. మూర్ఛకో, మూడ్ మార్పులకో. గర్భంలో అది తగిలిన బిడ్డల్లో పదిమందిలో ఒకరికి పుట్టుకతో లోపం, నూటికి 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో సమస్యలు. 2013లో వచ్చిన అధ్యయనంలో ఆరేళ్ళ వయసులో ఆ బిడ్డల సగటు తెలివితేటల సూచిక 97, మూర్ఛకే వాడే మరో మందు లామోట్రిజిన్ తగిలినవారికి 108. బిడ్డ బుర్రకు దెబ్బ అంటే ఇది. ఈ చీటీల మీద ఎవరి పెన్నూ ఆగడం లేదు, పెళ్ళి కుదిరినప్పుడు కూడా ఎవరూ అడగడం లేదు. (వాల్‌ప్రోయేట్ వాడుతూ ఇది చదివే అమ్మాయిలకు: మీ అంతట మీరు ఆపవద్దు, ఫిట్స్ వస్తాయి. గర్భం రాకముందే డాక్టరును కలిసి మార్పించుకోండి.) సెర్ట్రలిన్‌ను చూసి జడిసి, వాల్‌ప్రోయేట్‌ను చూసి తల ఊపడం నాకు అర్థం కాని సంగతి. అలాగే సెర్ట్రలిన్ జాతిదే అయిన ఎస్సిటలోప్రామ్‌లో, ఆందోళన తగ్గించే క్లోనజిపామ్ కలిపిన మాత్ర మా షాపుల్లో విపరీతంగా పోతుంది. అది ఒక మాత్ర కాదు, రెండు మందులు. రెండింటి మంచిచెడ్డలు వేరు. వాటిని విడదీసి ఆలోచించకుండా మొత్తం కొట్టేస్తే, క్లోనజిపామ్ ఉన్నపళంగా ఆగిన ముప్పు కూడా తోడవుతుంది.

ఇప్పుడు మన నేల సంగతి. ఈ గీత మన దగ్గరే ఇంత ప్రమాదం ఎందుకయిందో పద్దెనిమిదేళ్ళు కౌంటరు వెనక నిలబడితే తెలిసింది. మన ఆడపిల్ల గర్భం రెండు ఇళ్ళ మధ్య, ఇద్దరు డాక్టర్ల మధ్య నడుస్తుంది. ఆరో నెల దాకా అత్తవారి ఊళ్ళో డాక్టరు. సీమంతమయ్యాక పుట్టింటికి తెచ్చుకుంటారు, అక్కడ మరో డాక్టరు. ఫైలు వస్తుంది, స్కానింగు ఫొటో వస్తుంది, చీర సారె వస్తాయి. మానసిక వైద్యుడి చీటీ మాత్రం రాదు. పుట్టింటివాళ్ళు అత్తవారికి చెప్పరు, అత్తవారికి తెలిసినా వియ్యాలవారి దగ్గర ఎత్తరు. కాబట్టి మీ ఎదురుగా కూర్చున్న మనిషి "ఏమైనా మందులు వాడుతున్నావా?" అంటే పక్కన నిలబడ్డ అత్తగారి వంక చూసి "లేదండి" అంటుంది. లేదా నిజం చెప్పి గీత కొట్టించుకుంటుంది. ఎందుకని అడగదు. మా గోదావరి మర్యాద ఒకటుంది, డాక్టరు గారు చెబితే "ఆయ్, అలాగేనండి" అనడమే తప్ప ఎదురు ప్రశ్న వేయడం రాదు. ఆ మర్యాదను ఒప్పుకోలు అనుకోకండి. సగంమంది బయటికొచ్చి నన్ను అడుగుతారు. మిగతా సగం ఎవరినీ అడగరు.

ఆపై గోదారి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వారం పంటులు నిలిచిపోయాయి. నిండు గర్భిణులను లంకల నుంచి పడవల్లో దాటించారు, అది అందరూ చూశారు. నెలకు సరిపడా మాత్రలు వరద ముందురోజే అయిపోయిన తల్లుల గురించి ఎవరూ చూడలేదు. పునరావాస కేంద్రంలో బీపీ మాత్ర దొరుకుతుంది, షుగరు మాత్ర దొరుకుతుంది. ఈ మాత్ర అడగడానికి నోరు రాదు. జూలై, ఆగస్టుల్లో నెలలు ఉన్న మనిషికి రెండు నెలల మందు ఒకేసారి రాయడం మీకు ఒక గీతంత పని. రాయండి.

మిమ్మల్ని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ మందు రాసిన డాక్టరుకు ఒక ఫోను చేయకుండా ఆపకండి. నంబరు చీటీ మీదే ఉంటుంది. ఆపాల్సిందేనని ఇద్దరూ అనుకుంటే మోతాదు మెల్లగా ఎలా తగ్గించాలో కాగితం మీద రాయండి, రెండు వారాల్లో మళ్ళీ రమ్మనండి. ఉంచాలనుకుంటే మాతా శిశు సంరక్షణ కార్డులో మందు పేరు రాయండి, పురుటి గదిలో పిల్లల డాక్టరు కంట పడేలా. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు కదా, ఆ వరసలో బీపీ చూసే అర నిమిషం పక్కన "మనసు ఎలా ఉంది, నిద్ర పడుతోందా?" అన్న మాటకు మరో అర నిమిషం. తల్లుల్లో కుంగుబాటును పసిగట్టే ఎడింబరో ప్రశ్నావళి 1987 నుంచి ఉంది, పదే ప్రశ్నలు, వెయిటింగ్ హాల్లో కూర్చునే నింపవచ్చు. అత్తగారిని కాసేపు బయట కూర్చోమనడం మీరు తప్ప ఎవరూ చేయలేరు. మీరంటే ఆవిడ కూడా "అలాగేనండి" అంటారు.

అందరికీ మాత్రే కావాలని నేను అనడం లేదు. మందులు అమ్ముకునే మనిషిని, ఈ మాట నా నోట వినడం మీకు నవ్వు తెప్పించవచ్చు. తేలికపాటి కుంగుబాటుకు మాట చాలు. 2008లో రావల్పిండి దగ్గర పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపారు. కాన్పయిన ఆరు నెలలకు వాళ్ళు వెళ్ళిన ఇళ్ళలో ఇంకా డిప్రెషన్‌లో ఉన్న తల్లులు నూటికి 23, మామూలు సందర్శనలే జరిగిన ఇళ్ళలో 53. అక్కడ సాధ్యమైంది రాజోలులోనూ ఆచంటలోనూ సాధ్యమే. మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416 తెలుగులో మాట్లాడుతుంది, ఉచితం. మీ గోడ మీద టీకాల పట్టిక పక్కన అతికించండి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో జబ్బు ముదిరిన తల్లిని, బిడ్డను కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచి ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్ళ లోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదని చెబుతోంది. మన జిల్లాల్లో అలాంటి గది ఒకటి ఉండాలని అడగాల్సిన గొంతులు మీవి. నేను అడిగితే షాపు లైసెన్సు ఉందా అంటారు.

మా వైపు తప్పు లేదని కాదు. "కడుపుతో ఉన్నప్పుడు ఇవెందుకమ్మా, మానెయ్" అని కౌంటరు మీంచే తీర్పు చెప్పే ఫార్మసిస్టులు ఉన్నారు. నేనూ ఒకప్పుడు చెప్పాను. మా బల్ల మీద ఉన్న పాత మందుల గైడులో ఈ మాత్రల పక్కన ఇంకా "సి" అన్న అక్షరం ఉంది. గర్భిణులకు అపాయాన్ని ఏ, బీ, సీ, డీ అంటూ చెప్పడం మనుషులను తప్పుదారి పట్టిస్తోందనే కదా అమెరికా 2015లో ఆ పద్ధతినే తీసేసింది. ఆ గైడు నిన్న చిత్తుకాగితాల్లో వేశాను.

ఆ పెద్దాయన తెచ్చిన స్ట్రిప్పు నేను వెనక్కి తీసుకోలేదు. కత్తిరించిన స్ట్రిప్పు మేం వెనక్కి తీసుకోం అని చెప్పి, తొమ్మిది మాత్రలూ ఆయన చేతిలోనే పెట్టాను. వాళ్ళ అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల వచ్చింది. ఉగాది వెళ్ళాక రేవు దాటించి పుట్టింటికి తెచ్చుకుంటున్నారు. పాత డాక్టరు దగ్గరికి వెళ్ళనంటోంది. భీమవరమో, పాలకొల్లో, నరసాపురమో ఇంకా అనుకోలేదు. మీలో ఎవరో ఒకరి ముందు వచ్చి కూర్చుంటుంది. గీత ఉన్న ఆ చీటీనే తెస్తుంది, ఎందుకంటే మందు మోతాదు దాని మీదే ఉంది. వెనకవైపు మానసిక వైద్యుడి ఫోను నంబరు నా అక్షరాలతో ఉంటుంది, ఆయన సాయంత్రం ఆరు తర్వాత ఎత్తుతారు. దయచేసి కాగితం తిప్పి చూడండి.

ఇట్లు,
నరసాపురంలో మీ చేతిరాత చదివే ఒక ఫార్మసిస్టు